నడిచే నిధి

పాత దస్తావేజులు చదివే అలవాటున్నవారికి ఒక వరుస బాగా తెలిసే ఉంటుంది. భూమిని దానమిచ్చినా, క్రయమిచ్చినా, దానితో పాటు ఎనిమిది హక్కులు ఇస్తున్నట్టు రాసేవారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. వీటికి అష్టభోగాలని పేరు. విజయనగర కాలపు శాసనాల్లో తెలుగునాటా, కన్నడసీమలోనూ, తమిళదేశంలోనూ ఈ వరుస కనబడుతుంది. పాతిపెట్టిన ధనం నిధి. దాచి ఉంచినది నిక్షేపం. జలమూ పాషాణమూ వివరించనక్కరలేదు. చేతికి వచ్చిన ఫలం సిద్ధం. ప్రయత్నిస్తే వచ్చేది సాధ్యం. ముందు రాబోయేది ఆగామి.

నేను యానాం వాడిని. గోదావరి డెల్టాలో ముప్పై చదరపు కిలోమీటర్ల ముక్క మాది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మేము పుదుచ్చేరి. మా చుట్టుపక్కల గత నలభై అయిదేళ్ళుగా నేలలోంచీ సముద్రంలోంచీ చమురూ గ్యాసూ తీస్తున్నారు. ఈ ఎనిమిది భోగాలలో చమురు దేని కింద చేరుతుందని నేను చాలాసార్లు ఆలోచించాను. దాని వెల చూస్తే నిధి. దాని పుట్టుక చూస్తే పాషాణం. కాని దాని నడత మాత్రం జలానిది. నిధి పెట్టినచోట ఉంటుంది, జలం ఉండదు. మా డెల్టాలో ఈ అర్ధశతాబ్దిలో జరిగిన ప్రమాదాలకూ, భ్రమలకూ, కోర్టు తగాదాలకూ మూలం వెతికితే చాలామటుకు ఇక్కడే దొరుకుతుంది. జలంలా నడిచేదాన్ని నిధిలా పాతిపెట్టి ఉందనుకున్నాం.

భూమి కింద చమురు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది ఊహ. అక్కడ చెరువూ లేదు, గుహా లేదు. ఉన్నదంతా రాయే. కడవెడు పొడి ఇసుక తీసుకుని నీళ్ళు పోసి చూడండి. పావు కడవకు పైగా నీళ్ళు తాగినా ఇసుక పొంగదు. రేణువుల మధ్య అంత ఖాళీ ఉంటుంది. ఆ ఇసుక కోట్ల ఏళ్ళపాటు బరువు కింద నలిగి గట్టిపడి ఇసుకరాయి అయినా ఆ సందులు కొన్ని మిగిలే ఉంటాయి. చమురూ గ్యాసూ ఉండేది ఆ సందుల్లో. బంకమన్ను సంగతి వేరు. దానిలోనూ సందులుంటాయి, నీరూ ఉంటుంది, కాని ఆ సందులు మరీ సన్నం కాబట్టి నీరు కదలదు. మన పెద్దలు చెరువుకట్టలకు బంకమన్ను వాడింది అందుకే. ఒక రాయి ఎంత పట్టగలదన్నది ఒక లెక్క, తనలోంచి ఎంత పోనిస్తుందన్నది మరొక లెక్క. ఈ రెండూ ఒకటి కావు. ఈ భేదం పాఠకులు గుర్తుంచుకుంటే తక్కిన కథంతా తేలిక.

ఇసుకలో నీరు ఎలా కదులుతుందో మొదట లెక్క కట్టినవాడు హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు. దిజోఁ నగరానికి మంచినీటి ఏర్పాటు చేసిన ఆయన, నిలువు గొట్టంలో ఇసుక నింపి నీళ్ళు పంపి కొలిచాడు. ఆ ఫలితాలు 1856లో తన పుస్తకానికి అనుబంధంగా అచ్చువేశాడు. సూత్రం సులువైనదే. రెండు కొసల మధ్య ఒత్తిడి తేడా రెట్టింపైతే ప్రవాహం రెట్టింపవుతుంది. దారి రెట్టింపైతే సగమవుతుంది. తక్కినది ఆ ఇసుక గుణాన్ని బట్టి. నేటికీ ప్రపంచమంతటా చమురు ఇంజనీర్లు రాయి పోనిచ్చే గుణాన్ని 'డార్సీ' అనే కొలతతోనే చెబుతారు. ఆ రోజుల్లో యానాం ఫ్రెంచివారిదే. మాకు ఎగువన ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్టను 1852లో పూర్తిచేశాడు. బండరాయి పునాది దొరకని నదిలో ఇసుక మీదే కట్టడం నిలబెట్టవచ్చునని ఆయన నేర్చుకున్నది కావేరి మీద చోళులు కట్టిన కల్లణై చూసి. ఇద్దరికీ సమస్య ఒకటే, ఇసుకలో నీటి నడక. చమురు శాస్త్రం మొలిచింది ఈ మంచినీటి శాస్త్రంలోంచే.

ఇక మా నేల ఎలా ఏర్పడిందో చెబుతాను. దాదాపు పదమూడు కోట్ల ఏళ్ళ కిందట మన తూర్పుతీరం ఇప్పటి అంటార్కిటికా ఖండానికి అతుక్కుని ఉండేది. రెండూ విడిపోతున్నప్పుడు అంచు వెంబడి నేల పగిలి, కొన్ని పలకలు కుంగాయి, కొన్ని మిట్టలుగా మిగిలాయి. అలా కుంగిన పల్లాలే ఇప్పుడు కావేరి బేసిన్, కృష్ణా గోదావరి బేసిన్, మహానది బేసిన్. తమిళనాడులో, ఆంధ్రలో, ఒడిశాలో ఉన్న మన పాఠకుల కాళ్ళ కింద ఉన్నవి ఒకే చీలికకు పుట్టిన అక్కచెల్లెళ్ళు. కర్ణాటకలో చాలా భాగం ఆదిమ కాలపు గట్టిరాయి. అలాంటి మందపాటి మట్టిపొరలు అక్కడ లేవు, కనుక చమురు మాటా లేదు. మహారాష్ట్రలో నేలమీద నల్లరాతి లావా పరుచుకుంది. 1974లో బొంబాయి హై చమురు దొరికింది ఆ తీరం దాటి సముద్రంలో.

కృష్ణా గోదావరి బేసిన్ నేలమీద సుమారు 28,000 చదరపు కిలోమీటర్లు, సముద్రంలో అంతకు అయిదు రెట్లు. దీనిలో ఒక విశేషం ఉంది. సముద్రం పుట్టకముందే, ఇప్పటి గోదావరి దారి వెంబడి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక పాత పల్లం ఉండేది. సింగరేణి బొగ్గు ఆ పల్లంలోదే. ఆ బొగ్గుపొరలే తీరం వైపు వచ్చి డెల్టా కింద లోతున పాతుకుపోయాయి. మండపేట దగ్గర ఇసుకరాతిలో దొరికిన గ్యాసు ఆ వయసు బొగ్గులోంచి పుట్టినదే. ఇల్లందులో మంటగా కాలినదీ, మండపేటలో గొట్టంలోంచి వచ్చినదీ ఒకే అడవి సంతానమన్నమాట.

తరవాత సముద్రం వచ్చింది. నదులు మట్టి తెచ్చి పోశాయి. 1870లలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు గోదావరి జిల్లా తిరిగి, ఈ పొరలు బయటపడిన మెట్టప్రాంతాలు పరిశీలించి, 1880లో వివరంగా రాశాడు. సింగరేణి బొగ్గును గుర్తించిన కింగ్ దొర ఆయనే. ఆయన పొరలకు ఊళ్ళ పేర్లు పెట్టాడు. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేలు, తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి ఏడుకొండలది కాదు, పశ్చిమగోదావరి మెట్టలోది. వందేళ్ళ తరవాత బావులు తవ్వినవారు అదే పద్ధతి కొనసాగించారు. పాలకొల్లు షేలు, రాజోలు, పాశర్లపూడి, మత్స్యపురి, వాడపర్రు, రవ్వ అని పొరలకు పేర్లొచ్చాయి. హూస్టన్‌లో కూర్చున్న భూగర్భ శాస్త్రజ్ఞుడు కృష్ణా గోదావరి బేసిన్ గురించి మాట్లాడాలంటే మన పల్లెల పేర్లు పలకక తప్పదు. నాకు ఇదొక చిన్న ఆనందం. ప్రపంచ సాహిత్యంలో మన పల్లెలకు దొరకని చోటు ప్రపంచ శిలాశాస్త్రంలో దొరికింది.

మధ్యలో ఒక పెద్ద ఉపద్రవం కూడా ఈ పొరల్లో రాసి ఉంది. దాదాపు ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్ళ కిందట దక్కనులో లావా పొంగింది. రాజమండ్రి పక్క కాతేరు దగ్గరా, గోదావరికి ఆవల పంగిడి, దుద్దుకూరు క్వారీల్లోనూ నల్లరాయి కొడతారు. అది స్థానికంగా పొంగినది కాదనీ, పశ్చిమ కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందనీ 2008లో పరిశోధకులు వాదించారు. అదే నిజమైతే భూమిమీద తెలిసిన అతి పొడుగైన లావా ప్రవాహాలలో ఇదొకటి. రాజమండ్రి దగ్గర కంటికి కనబడే ఈ రాయే నరసాపురం, పాలకొల్లు బావుల్లో వేల అడుగుల లోతున తగిలింది. నేల సముద్రం వైపు ఎంత కుంగిందో, దానిమీద నదులు ఎంత మట్టి పోశాయో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఈ మట్టిలో నాచు, ఆకు, సూక్ష్మజీవులు పూడుకుపోతాయి. మట్టి మందం పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. రమారమి 60 డిగ్రీల నుంచి 150 డిగ్రీల దాకా వేడెక్కిన షేలులో ఆ జీవపదార్థం చమురవుతుంది. ఇంకా వేడెక్కితే గ్యాసు అవుతుంది. అంటే మన పప్పు ఉడికే మంటకు అటూ ఇటూగా, కోటి ఏళ్ళు ఉడకాలి. అలా పుట్టిన షేలును మాతృశిల అందాం. రాఘవాపురం షేలు అలాంటి మాతృశిల. కాని చమురు పుట్టింట్లో ఉండదు. పుడుతూనే ఒత్తిడి పెంచుతుంది, ఆ ఒత్తిడికి బయటపడుతుంది, పక్కనున్న ఇసుకరాతిలోకి దిగుతుంది. అక్కడి సందుల్లో ముందే నీరుంటుంది. చమురు నీటికన్న తేలిక, గ్యాసు ఇంకా తేలిక. కనుక పైకి పాకుతుంది. పొర వాలుగా ఉంటే ఆ వాలు వెంట మైళ్ళకు మైళ్ళు పోతుంది. ఎక్కడో బోర్లించిన గిన్నెలాగా బంకరాయి మూత అడ్డుపడితే అక్కడ ఆగుతుంది. మూత దొరకకపోతే పైకి వచ్చి గాలిలో కలిసిపోతుంది. పుట్టిన చమురులో ఎక్కువ భాగం గతి ఇదే. మనకు దొరికేది దారిలో చిక్కుపడినది మాత్రమే.

ఆ గిన్నెలో కూడా అది రాయిలా కూర్చోదు. కింద నీరు కదులుతుంటే చమురు అడుగు మట్టం వాలుతుందని, ఆ నీటి వేగాన్ని బట్టి చమురు గిన్నె నడిమిన కాక ఒక పక్కకు ఒరిగి ఉంటుందని అమెరికా శాస్త్రజ్ఞుడు కింగ్ హబర్ట్ 1953లో నిరూపించాడు. ఆయన ఆధారం డార్సీ సూత్రమే. అందాకా మిట్ట మధ్యలోనే బావి తవ్వాలనుకునేవారు.

మా ప్రాంతంలో మొదటి అన్వేషణ బావి 1978లో నరసాపురం దగ్గర వేశారు. 1983లో రాజోలు దగ్గర గ్యాసు పడింది. 1987లో తీరానికి కాస్త దూరంలో సముద్రంలో రవ్వ చమురు క్షేత్రం దొరికింది. కొబ్బరితోటల మధ్య రిగ్గులు లేచాయి. చేలకు అడ్డంగా గొట్టాలు పరిచారు. లంకల్లో రోడ్లు పడ్డాయి. రాత్రిపూట మంట గొట్టాల వెలుగు కోనసీమవాసులకు అలవాటయింది. కొందరికి ఉద్యోగాలొచ్చాయి, చాలామందికి రాలేదు. ఇదంతా మీలో కోనసీమ చుట్టరికాలున్నవారికి తెలిసిందే.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న 19వ నంబరు బావి పేలింది. గ్యాసుకు నిప్పంటుకుంది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. కొబ్బరిచెట్లు మాడిపోయాయి. రాత్రుళ్ళు లాంతరు అక్కరలేకపోయిందని అక్కడి మా బంధువులు చెప్పేవారు. అమెరికా నుంచి నిపుణులను రప్పించి, మార్చి 15 నాటికి గాని దాన్ని అదుపు చేయలేకపోయారు. రెండు నెలల పైచిలుకు నేల నోరు తెరిచి మండింది. జనం దాన్ని దైవకోపమన్నారు, మానవ తప్పిదమన్నారు. ఏ బావిలో ఎవరి తప్పు ఎంతైనా, ఇలాంటి పేలుడుకు వెనక ఉండే భౌతికశాస్త్రం ఒకటి ఉంది. అది మనకు తెలియాలి.

లోతుకు వెళ్ళేకొద్దీ సందుల్లోని నీటి ఒత్తిడి ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణం చొప్పున పెరగడం సహజం. మూడువేల మీటర్ల దగ్గర మూడువందల వాతావరణాలు. కారు టైరులోని ఒత్తిడికి ఇది నూరు రెట్లకు మించి. అయితే గోదావరి లాంటి నది బంకమట్టిని తొందరతొందరగా పోస్తే, కింది పొరలోని నీటికి బయటికి పోయే వ్యవధి దొరకదు. అప్పుడు పైనున్న మట్టి బరువును రేణువులతో పాటు నీరు కూడా మోస్తుంది. ఆ పొరల్లో ఒత్తిడి ఉండవలసినదానికన్న ఎంతో ఎక్కువ. మా డెల్టా షేళ్ళలో ఇలాంటివి ఉన్నాయి. బావి అలాంటి పొరను తాకినప్పుడు, గొట్టంలో నిండి ఉన్న మట్టినీటి బరువు లోపలి ఒత్తిడికి చాలకపోతే, గ్యాసు దాన్ని తోసుకుని పైకి లేస్తుంది. పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ మట్టినీటిని బయటికి గెంటి దారి ఇంకా సులువు చేసుకుంటుంది. నిమిషాల్లో అంతా చేయి దాటిపోతుంది.

ఆ మట్టినీటిని బరువెక్కించడానికి వాడేది మన ముగ్గురాయే. కడపసీమలో మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పేరుపడినవి. నీటికన్న నాలుగు రెట్లకు పైగా బరువైన ఆ రాతిపొడి దేశదేశాల చమురు బావులకు ఓడలెక్కి పోతుంది. గుమ్మంలో ముగ్గు వేసే పొడే భూమి నోట్లో బిరడాగా నిలబడుతుందంటే వింతగా లేదూ?

ఇంతవరకు చెప్పినది ఒత్తిడి సంగతి. తరవాత పదేళ్ళలో సముద్రం వైపు చూపు మళ్ళింది. అక్కడ రెండు పాఠాలు దొరికాయి. మొదటిది రాయి పట్టే గుణానికీ పోనిచ్చే గుణానికీ ఉన్న భేదం గురించి. 2005 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థకు మా తీరంలో గ్యాసు దొరికిందనీ, అది ఇరవై లక్షల కోట్ల ఘనపుటడుగులు ఉంటుందనీ ప్రకటించారు. దేశం సంబరపడింది. గ్యాసు ఉన్నమాట నిజమే. అయితే అది సముద్రం అడుగున చాలా లోతున, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో, బిగిసిపోయిన ఇసుకరాతిలో ఉంది. సందులున్నాయి కాని సందుకూ సందుకూ దారి లేదు. డార్సీ లెక్కలో ఆ రాతి గుణాంకం సున్నాకు దగ్గర. లెక్కలో ఉన్న గ్యాసు గొట్టంలోకి రాలేదు. 2017లో ఆ క్షేత్రంలో ఎనభై శాతం వాటాను ఓ.ఎన్.జి.సి. దాదాపు 7,700 కోట్ల రూపాయలకు తీసుకోవలసి వచ్చింది.

రెండో పాఠం దీనికి తలకిందులు. 2002లో కాకినాడకు ఎదుట లోతైన సముద్రంలో రిలయన్స్ సంస్థ డి6 బ్లాకులో పెద్ద గ్యాసు క్షేత్రం కనిపెట్టింది. గోదావరి కొన్ని లక్షల ఏళ్ళ కిందట సముద్రగర్భపు కాలువల్లోకి తెచ్చి పోసిన వదులు ఇసుక అది. అందులోని గ్యాసు ఎక్కువగా ఉడికి పుట్టినది కాదు, చల్లని మట్టిలో సూక్ష్మజీవులు చేసినది. ఈ ఇసుక ఎంత ఉదారమంటే గ్యాసు పోటెత్తి వస్తుంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు ఆరుకోట్ల ఘనపు మీటర్ల దాకా ఎగబాకింది. ఆ వెంటనే పడిపోవడం మొదలైంది. బావుల్లోకి నీరు చొరబడింది, ఇసుక కొట్టుకొచ్చింది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భం ఊహించినట్టు లేదని సంస్థ ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. డి1, డి3 అనే ఆ మొదటి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. గ్యాసు ఖాళీచేసిన సందుల్లోకి నీరు రావడం న్యాయమే. ఇల్లు ఖాళీ అయితే పక్కింటివాడు తొంగిచూడడా?

పక్కింటి మాట వచ్చింది కనుక అసలు తగాదా చెబుతాను. డి6 బ్లాకుకు ఆనుకునే ఓ.ఎన్.జి.సి. బ్లాకులున్నాయి. పటం మీద రెంటికీ మధ్య తిన్నని గీత. కింద ఇసుకపొరకు ఆ గీత తెలియదు. ఒక పక్క బావులు గ్యాసు తీస్తుంటే అక్కడ ఒత్తిడి తగ్గింది. ఒత్తిడి తేడా ఉన్నచోట ప్రవాహం తప్పదు. తమ వైపు గ్యాసు అటు పోతోందని 2014లో ఓ.ఎన్.జి.సి. ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. అమెరికాకు చెందిన నిపుణుల సంస్థ 2015లో లెక్కకట్టి, 1,112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు గీత దాటిందని తేల్చింది. 2016లో కేంద్ర ప్రభుత్వం 155 కోట్ల డాలర్లు కట్టమంది. 2018లో మధ్యవర్తుల మండలి ఇద్దరు ఒక పక్క, ఒకరు ఒక పక్కగా సంస్థకు అనుకూలంగా తీర్పు చెప్పింది. 2023లో హైకోర్టు ఏకసభ్య పీఠం దాన్ని సమర్థించింది. 2025 ఫిబ్రవరిలో అదే హైకోర్టు ద్విసభ్య పీఠం ఆ తీర్పును కొట్టివేసింది. ఆ తరవాత తగాదా సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

ఈ చిక్కు కొత్తది కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం 1889లో ఒక తగాదా తీరుస్తూ, నీరూ చమురూ గ్యాసూ అడవి జంతువుల వంటివని చెప్పింది. నా పొలంలో ఉన్నంతవరకే లేడి నాది, గట్టు దాటి నీ పొలంలోకి వస్తే, నువ్వు పట్టుకుంటే నీది. ఈ సూత్రం అక్కడ ఎంత పని చేసిందంటే, పక్కవాడు లాగేలోపల తాను లాగాలని ప్రతివాడూ బావి మీద బావి తవ్వాడు. ఒత్తిడంతా ఒక్కసారిగా పడిపోయి, సగానికి పైగా చమురు రాతిలోనే ఎవరికీ కాకుండా చిక్కుకుపోయిన క్షేత్రాలున్నాయి. ఆ నష్టం చూసిన తరవాతే పొరుగువారంతా కలిసి ఒకే క్షేత్రంగా తీసుకుని, వాటాలు పంచుకునే పద్ధతి వచ్చింది. చెరువు కింద రైతులంతా వంతులు వేసుకుని నీరు పెట్టుకునే పద్ధతి మన ఊళ్ళల్లో ఉంది చూడండి, అదే న్యాయం. నీటి విషయంలో మన ముత్తాతలకు తెలిసినదాన్ని గ్యాసు విషయంలో కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి నేర్చుకుంటున్నాం.

నేలమీది గీతల సంగతి మా బోటివాళ్ళకు ఇంకొంచెం బాగా తెలుసు. పుదుచ్చేరికి చెందిన యానాం కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉంది, అదే పుదుచ్చేరికి చెందిన కారైక్కాల్ కావేరి బేసిన్‌లో ఉంది. 1960లలోనే కావేరి డెల్టాలో కారైక్కాల్ దగ్గర బావి వేశారు. తరవాత పక్కనే నరిమణంలో చమురు దొరికింది. 2017లో నెడువాసల్ రైతుల ఆందోళన తరవాత, 2020లో తమిళనాడు ప్రభుత్వం డెల్టా జిల్లాలను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించి కొత్త బావులను నిషేధించింది. మంచి పనే. కాని ఆ చట్టం కారైక్కాల్ గట్టు దగ్గర ఆగిపోతుంది. కింది పొర ఆగదు. ఇక సముద్రంలో దొరికేదంతా రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. ఒడ్డున వలలు వేసేవారికి అందులో భోగం లేదు, దస్తావేజు లేదు.

కాని భారం ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊళ్ళో గెయిల్ గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. నిద్రలో ఉన్నవారు, టీ కొట్టు దగ్గరివారు. పొడి గ్యాసుకు ఉద్దేశించిన గొట్టంలో చెమ్మ గ్యాసు పారి, లోపల నీరు నిలిచి, ఇనుము తుప్పుపట్టి పలచబడిందని విచారణలో తేలింది. రాతిలోనైనా గొట్టంలోనైనా గ్యాసు ఒంటరిగా నడవదు, నీటిని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ చిన్న సత్యాన్ని పట్టించుకోనందుకు పడిన మూల్యం అది.

మరొక భారం మెల్లగా పడేది. సందుల్లోని ద్రవాన్ని తీసేస్తే, అందాకా అది మోసిన బరువు రేణువుల మీద పడుతుంది. రేణువులు దగ్గరకు నొక్కుకుంటాయి. పైనేల కుంగుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన లాంగ్‌బీచ్ రేవు కింద విల్మింగ్టన్ క్షేత్రంలో చమురు తీసినందువల్ల నేల ఇరవై తొమ్మిది అడుగులు కుంగింది. 1950ల చివర నుంచి నీటిని తిరిగి లోపలికి పంపి దాన్ని ఆపారు. మా డెల్టాకు ఇది కాక వేరే కారణం కూడా ఉంది. గోదావరి తెచ్చే ఒండ్రును ఎగువ ఆనకట్టలూ జలాశయాలూ పట్టేస్తున్నాయి. సముద్రానికి చేరే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990ల నాటికే మూడోవంతుకు దగ్గరగా పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో చూపించారు. 2009లో ప్రపంచంలో కుంగుతున్న డెల్టాల జాబితా అచ్చయినప్పుడు అందులో కృష్ణా, గోదావరీ రెండూ ఉన్నాయి. డెల్టా సహజంగానే కుంగుతుంది, ప్రతి ఏటా కొత్త ఒండ్రు వచ్చి ఆ లోటు తీరుస్తుంది. ఒండ్రు రాకపోయినా, కింద ద్రవం తగ్గినా లెక్క తప్పుతుంది. కోటి ఏళ్ళ నాటి మట్టిలో పుట్టినదాన్ని తీసుకుంటూ, ఈనాటి మట్టిని రానివ్వకుండా ఉన్నాం.

గ్యాసు తీయవద్దని నేను అనను. మా వంటింట్లో మంట కూడా అదే. కాని నిధిని తవ్వుకునేవాడి పద్ధతి వేరు, నీటిని పంచుకునేవాడి పద్ధతి వేరు. నిధి తవ్వేవాడు రాత్రి వచ్చి, తవ్వి, గొయ్యి వదిలి పోతాడు. నీటిని పంచుకునేవాళ్ళు మట్టం చూస్తారు, తూము కొలుస్తారు, ఎగువవాడినీ దిగువవాడినీ పిలిచి లెక్క చెబుతారు. మా డెల్టాకు ఇప్పుడు కావలసినది ఆ రెండో పద్ధతి. ఏ బావిలో ఒత్తిడి ఎంత పడిపోయిందో, ఏ గొట్టం వయసెంతో, నేల మట్టం ఈ ఏడు ఎంత మారిందో కొలవడం కష్టం కాదు, ఆ సాధనాలు ఇంజనీర్ల దగ్గర ఉన్నాయి. ఆ అంకెలు ఏటా ఊరి పంచాయతీ గోడమీద, యానాంలోనైతే మునిసిపాలిటీ బల్లమీద, ఊరివారికి చదవ వచ్చిన భాషలో పెట్టాలి. పాత దస్తావేజుల్లో సిద్ధంతో పాటు ఆగామి అనే మాట కూడా ఉంది. చేతికి వచ్చినది ఎవరిదో కోర్టులు తేలుస్తాయి. రాబోయేదానిలో మాత్రం, ఈ నేలమీద ఇంకా ఉండబోయేవారికి భాగం ఉంది.